మధ్యయుగ పోలండ్‌లో ఊరి మీద అసలు అధికారం ఎవరిది? కష్టెలాన్, వొయెవొదా, స్తరోస్తా, సొల్తిస్ గురించి

ప్రశ్న క్లుప్తంగా ఇది. క్రాకోవ్‌లో చదువుకుంటున్న ఒకరు అడిగారు: "పోలండ్‌లో ఇవాళ్టికీ వొయెవొదా, స్తరోస్తా, సొల్తిస్ అనే పదవులు ఉన్నాయి. ఇవి మధ్యయుగాల నుంచి అలాగే నడిచి వచ్చాయా? అప్పట్లో మన కలెక్టరు లాంటివాడు ఎవరు? పాత జాబితాల్లో క్రాకోవ్ కష్టెలాన్ పేరు వొయెవొదా కంటే ముందు ఎందుకుంటుంది?"

ముందు సూటిగా చెప్తాను. పదవుల పేర్లు పాతవే, పనులు మాత్రం కావు. కలెక్టరు పోలికే పట్టుకుంటే, సుమారు 1250 దాకా ఆ స్థానంలో ఉన్నది కష్టెలాన్. 1300 తర్వాత స్తరోస్తా. వొయెవొదా ఏ కాలంలోనూ కాదు. ఆయన మొదట సైన్యాధిపతి, తర్వాత రాజు సభలో పెద్ద. ఇక 1250కి, 1300కి మధ్య ఒక ప్రాంతమంతటికీ జవాబు చెప్పే అధికారి అంటూ ఎవరూ లేరు. చాలామంది దాటేసేది సరిగ్గా ఈ యాభై ఏళ్లనే. మిగతాదంతా అర్థమయ్యేది మాత్రం వీటితోనే.

ఇవాళ వొయెవొదా అంటే ప్రధానమంత్రి నియమించే ప్రభుత్వ ప్రతినిధి. స్తరోస్తాను పొవియాత్ (జిల్లా) కౌన్సిల్ ఎన్నుకుంటుంది, ఊరి పెద్ద అయిన సొల్తిస్‌ను ఊరివాళ్లు ఎన్నుకుంటారు. మధ్యయుగాల్లో వొయెవొదాను, స్తరోస్తాను రాజు పెట్టేవాడు. సొల్తిస్ పదవి కొనుక్కున్నదో, వారసత్వంగా వచ్చిందో అయి ఉండేది. కాబట్టి ఇవాళ్టి పేరు చూసి వెనక్కి లెక్క కట్టొద్దు.

ఏ శతాబ్దం గురించి చదువుతున్నా మూడు సంగతులు చూడండి. కోట తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయి? వసూలైన దాంట్లో ఎవరి వాటా ఎంత? ఆ మనిషిని తీసేయగలిగింది ఎవరు? ఈ మూడూ తేలితే హోదా పేరుతో పని లేదు.

గ్రూద్, కష్టెలాన్

966లో బాప్తిస్మం తీసుకున్న మొదటి మియెష్కో నాటికే, పోలండ్‌ను ఏలిన మొదటి వంశమైన పియాస్ట్‌ల పాలనంతా గ్రూద్‌ల చుట్టూ తిరిగేది. గ్రూద్ అంటే దుంగలు, మట్టి కలిపి కట్టిన ప్రాకారంతో ఉండే కోట. గ్నియెజ్నో, పొజ్నాన్, గియెచ్ అలాంటివి. 12వ శతాబ్దం మొదట్లో రాసిన గాల్ అనే చరిత్రకారుడు, మియెష్కో కొడుకు బొలెస్లావ్ ఖ్రోబ్రీ కాలంలో పొజ్నాన్ నుంచి 1300 మంది కవచధారులు, 4000 మంది డాలు పట్టినవాళ్లు, గ్నియెజ్నో నుంచి 1500, 5000 వచ్చేవారని లెక్క చెప్తాడు. పాత రాజును ఆకాశానికెత్తే రచన అది, అంకెల్ని అలాగే నమ్మకండి. కానీ సైన్యాన్ని ఊరి లెక్కనో వంశం లెక్కనో కాక గ్రూద్ లెక్కన చెప్పాడు చూశారా, అది మాత్రం ముఖ్యం.

ఆ గ్రూద్‌కు పెద్ద కష్టెలాన్. పాత పత్రాల్లో ఇతన్ని కోమెస్ అని కూడా రాస్తారు. కోట కాపలా, మరమ్మతు అతని బాధ్యత. తన పరిధిలోని రైతుల మీద వసూళ్లు, తగాదాల తీర్పు అతనివే. యుద్ధం వస్తే ఆ పరిధి మనుషుల్ని వెంటబెట్టుకుని వెళ్లేదీ అతనే. కింద వొయ్‌స్కీ ఉంటాడు, అందరూ దండయాత్రకు పోయినప్పుడు కోట చూసుకునేవాడు. కోట న్యాయాధికారి, రాజు ఆస్తులూ వసూళ్లూ చూసే వ్లోదాజ్ ఉంటారు. వీళ్లకు జీతమంటూ ఉండదు, వసూలులోనూ జరిమానాల్లోనూ వాటాయే జీతం. కష్టెలాన్‌ను పెట్టేదీ తీసేదీ డ్యూకే, అంటే ఆ ప్రాంతాన్ని ఏలే పియాస్ట్ పాలకుడే. మూడు ప్రశ్నలకూ జవాబు ఒకే మనిషి దగ్గర దొరికే కాలం ఇది.

వసూళ్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి, తర్వాతి కథంతా వీటి మాఫీల గురించే కాబట్టి. కోట కాపలాకు మనిషిని పంపాలి. రానురాను దాన్నే ధాన్యంగా కట్టించుకున్నారు, దాని పేరు స్త్రూజా. అడవిలో పందుల్ని మేపుకున్నందుకు పందుల్లో భాగం ఇవ్వాలి, అది నారజ్. నాగలి లెక్కన కట్టేది పొరద్ల్‌నె. డ్యూక్ దూతలకు గుర్రాలివ్వడం పొద్వొదా, బండ్లు కట్టడం పొవూజ్, సామాను పక్క ఊరిదాకా చేర్చడం ప్షెవూద్. డ్యూక్ పరివారంతో వచ్చి దిగితే ఆ తిండీ బసా అంతా ఊరి మీదే, అది స్తాన్. వీటికి తోడు కోటగోడలకు, వంతెనలకు వెట్టి. మొత్తానికి రైతును పీడించింది ధాన్యం పన్ను ఒక్కటే కాదు. ఏ రోజు ఎవరొచ్చి గుర్రం అడుగుతారో తెలియకపోవడం అంతకంటే బరువు. అందుకే మాఫీ పత్రాల్లో రవాణా వెట్టి పేర్లు మళ్లీ మళ్లీ వస్తాయి.

దీనికి పక్కనే సేవా గ్రామాలు. డేగల్ని సాకేవాళ్లు, రొట్టెలు కాల్చేవాళ్లు, డాళ్లు చేసేవాళ్లు, గుర్రాల కాపర్లు, బీవర్ వేటగాళ్లు ఒక్కో ఊరుగా ఉండి గ్రూద్‌కు సరుకో చాకిరీయో అందించేవారు. సొకోల్నికి, పియెకారీ, ష్చిత్నికి, కొన్యూఖీ, బొబ్రొవ్నికి అనే ఊళ్ల పేర్లు పోలండ్ మ్యాపులో ఇవాళ్టికీ కనిపిస్తాయి.

ఒపోలె: ఊళ్ల గుంపు, ఉమ్మడి పూచీ

కష్టెలాన్ ప్రతి ఇంటికీ వెళ్లడు. అతనికి ఎదురుగా నిలబడేది ఒపోలె, అంటే కొన్ని పల్లెలు కలిసిన ఇరుగుపొరుగు సంఘం. సైలీషియాలో ఉన్న ఒపోలె నగరంతో దీన్ని కలపొద్దు. ఒపోలె ఉమ్మడిగా ఒక ఎద్దు, ఒక ఆవు కట్టేది. పొలిమేర తగాదాల్లో దాని పెద్దలు సాక్ష్యం చెప్పేవారు. దొంగ జాడ పట్టుకుని వెతుక్కుంటూ వెళ్లడం, కేకలు వినగానే పరిగెత్తి వెంటపడడం దాని విధి.

ఇది ఎలా పనిచేసేదో 13వ శతాబ్దం చివర్లో జర్మన్ భాషలో రాసిన పోలిష్ ఆచార న్యాయ సంపుటిలో ఉంది. ఎల్బ్లాంగ్‌లో దొరికింది కాబట్టి దాన్ని ఎల్బ్లాంగ్ పుస్తకం అంటారు. పొలంలోనో దారిలోనో శవం దొరికింది, చంపిందెవరో తెలియదు అనుకుందాం. దొర ఒపోలెను పిలిపించి నేరం దాని మీద మోపుతాడు. ఒపోలె ఫలానా పల్లె అని చూపించగలిగితే బరువు ఆ పల్లె మీద పడుతుంది. ఆ పల్లె ఫలానా కుటుంబం అని చూపిస్తే ఆ కుటుంబం మీద పడుతుంది. కుటుంబం ఒక మనిషిని చూపిస్తే అతను ద్వంద్వయుద్ధంతోనో దివ్య పరీక్షతోనో జవాబు చెప్పుకోవాలి. ఎవరూ ఎవరినీ చూపించలేకపోతే హత్యా పరిహారం ఎక్కడ ఆగిందో అక్కడివాళ్లే కట్టాలి.

పోలీసు లేకుండా నేరం బయటికి లాగే పద్ధతి ఇది. దర్యాప్తు ఖర్చు కోటకు ఒక్క పైసా లేదు. లోపం కూడా అక్కడే ఉంది: పల్లెల్లో ఒకటి చర్చి చేతికో, మాఫీ పొందిన ప్రభువు చేతికో పోతే గొలుసు అక్కడే తెగిపోతుంది. ఆ పల్లెను ఒపోలె పిలవలేదు, కష్టెలాన్ అడగలేడు. మిగిలిన పల్లెల మీద అదే ఎద్దు, అదే ఆవు, అదే పరిహారం పడతాయి. కాబట్టి వాళ్లూ మాఫీ కోసం తమ దొరల వెంట పడతారు. 13వ శతాబ్దంలో ఒపోలె కూలిపోవడానికి జర్మన్లు వచ్చారనో, రైతులు మారారనో చెప్తుంటారు. నా లెక్కలో అసలు కారణం ఈ లెక్కల చిక్కే. పొజ్నాన్, గ్నియెజ్నో ఉన్న వియెల్కొపోల్స్కా ప్రాంతంలో మాత్రం దీని ఆనవాళ్లు 15వ శతాబ్దం దాకా కనిపిస్తాయి.

విభజన, మాఫీలు: కష్టెలాన్ చేతిలోంచి జారిపోయిన ఊళ్లు

1138లో మూడవ బొలెస్లావ్, అంటే క్షివొఉస్తీ, చనిపోతూ రాజ్యాన్ని కొడుకుల మధ్య పంచాడు. సైలీషియా వ్లాదిస్లావ్‌కు, మజోవియా బొలెస్లావ్‌కు, వియెల్కొపోల్స్కా మియెష్కోకు, సాందొమియెజ్ హెన్రిక్‌కు. క్రాకోవ్ మాత్రం అందరిలో పెద్దవాడిది. ఆ పెద్దరికం ఎక్కువ కాలం నిలవలేదు, ముక్కలు మళ్లీ ముక్కలయ్యాయి. డ్యూక్‌లు పెరిగారు, ప్రతివాడికీ బలగం కావాలి. బలగాన్ని కొనడానికి చేతిలో ఉన్నది ఒకటే: పన్నుల మాఫీ.

1180లో లెంచిత్సాలో జరిగిన సభలో క్రాకోవ్ డ్యూక్ కాజిమియెజ్ స్ప్రవియెద్లివీ రెండు సంగతులు ఒప్పుకున్నాడు. చనిపోయిన బిషప్ ఆస్తిని స్వాధీనం చేసుకోనన్నాడు, చర్చి ఊళ్ల నుంచి పొద్వొదా గుర్రాల్ని ఇష్టం వచ్చినట్టు లాక్కోవడానికి కళ్లెం వేశాడు. 13వ శతాబ్దంలో మాఫీ పత్రాలు వరదలా వచ్చాయి, ముందు చర్చికి, తర్వాత భూస్వాములకు.

మాఫీ రెండు రకాలు, కలపకండి. ఆర్థిక మాఫీ అంటే పైన చెప్పిన వసూళ్లలో కొన్నో అన్నో రద్దు. న్యాయ మాఫీ అంటే ఊరివాళ్లు కష్టెలాన్ కోర్టుకు వెళ్లక్కర్లేదు, తమ దొర దగ్గరే తీర్పు. రెండోది మెట్లు మెట్లుగా వచ్చింది. ముందు చిన్న జరిమానా కేసులు, తర్వాత పెద్దవి, చివరికి ప్రాణం తీసే కేసులు కూడా. చాలా పత్రాల్లో ఒక వాక్యం ఉంటుంది: డ్యూక్ ముద్ర ఉన్న పిలుపు వస్తే తప్ప ఈ ఊరివాళ్లు ఎవరి ముందూ నిలబడనక్కర్లేదు అని. అంటే కష్టెలాన్ పిలిస్తే పలకక్కర్లేదన్నమాట. డ్యూక్ తన అధికారాన్ని పూర్తిగా వదులుకోలేదు. తన అధికారి చేతులు మాత్రం నరికేశాడు.

1250 వచ్చేసరికి కష్టెలాన్ చుట్టూ ఉన్న మ్యాపు జల్లెడలా తయారైంది. కోట తాళాలు ఉన్నాయి, అతని మాట వినే ఊళ్లు లేవు.

జర్మన్ చట్టం కింద ఊరు పెట్టడం

ఖాళీ అయిన ఆ చోటును నింపింది సొల్తిస్. జర్మన్ చట్టం అంటే జర్మన్లు వచ్చి స్థిరపడడమే అనుకోకండి. సైలీషియాలో జర్మన్ వలస నిజమే, క్రాకోవ్ చుట్టూ ఉన్న మాలొపోల్స్కాలో జర్మన్ చట్టం కింద పెట్టిన ఊళ్లలో చాలావాటిలో రైతులు పోలిష్‌వాళ్లే. వచ్చింది ఒక ఒప్పంద పద్ధతి. అది ఇలా నడిచేది.

భూస్వామి ముందుగా డ్యూక్ దగ్గర అనుమతి తీసుకోవాలి. ఆ పత్రంలో ఊరిని పోలిష్ చట్టం నుంచి, కష్టెలాన్ నుంచి, పాత వసూళ్ల నుంచి తప్పిస్తున్నట్టు రాసి ఉండాలి. ఈ పత్రం లేకుండా పెట్టిన ఊరికి తర్వాత తిప్పలు తప్పవు, కోట మనుషులు పాత బకాయి అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు.

తర్వాత జసాద్జ్‌త్సా అనే ఊరు కట్టే మనిషితో ఒప్పందం. ఎన్ని లాన్‌ల భూమి, ఎక్కడ అడవి, ఎక్కడ మెట్ట అని రాసుకుంటారు. లాన్ రెండు రకాలు: ఫ్లెమిష్ లాన్ సుమారు 16.8 హెక్టార్లు, అంటే 41 ఎకరాలకు కాస్త పైన. ఫ్రాంకోనియన్ లాన్ సుమారు 24 హెక్టార్లు, 60 ఎకరాల దరిదాపు. పత్రంలో ఏ లాన్ అని రాయకపోతే తగాదా ఖాయం. అడవి కొట్టి సాగు చేసే చోట్ల పెద్ద లాన్, అప్పటికే సాగులో ఉన్న చోట చిన్న లాన్ ఎక్కువగా కనిపిస్తుంది.

రైతుకు కొన్నేళ్లు పన్ను ఉండదు, దాన్ని వొల్‌నిజ్నా అంటారు. సాగు భూమికి కొద్ది ఏళ్లే, దట్టమైన అడవికి ఇరవై ఏళ్ల దాకా. ఆ తర్వాత లాన్‌కు ఇంత అని స్థిరమైన కౌలు. 14వ శతాబ్దంలో ఒక వియార్దునెక్, అంటే 12 గ్రోష్‌లు (వెండి నాణేలు), తరచూ కనిపించే మొత్తం. దానికి తోడు కొంత ధాన్యం.

ఊరు కట్టినవాడే సొల్తిస్ అవుతాడు. అతనికి కౌలు లేని కొన్ని లాన్‌లు, మిల్లు, సారాయి అంగడి వంటివి, రైతుల కౌలులో ఆరో వంతు, కోర్టు జరిమానాల్లో మూడో వంతు. బదులుగా గుర్రం మీద సైనిక సేవ చేయాలి. పదవి వంశపారంపర్యం, అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టవచ్చు. మన పాత మునసబులకు మాన్యాలుండేవి కదా, దానికి దగ్గరగా ఉంటుంది. తేడా ఏమిటంటే సొల్తిస్ పెట్టుబడి పెట్టినవాడు, ఊరు నిండకపోతే నష్టం అతనిదే.

కోర్టులో సొల్తిస్ అధ్యక్షుడు, పక్కన సాధారణంగా ఏడుగురు లావ్నిక్‌లు, అంటే ఊరి రైతుల్లోంచి వచ్చిన తీర్పరులు. ఏడాదికి మూడుసార్లు దొరో అతని మనిషో వచ్చి పెద్ద కోర్టు పెట్టేవాడు, ఆ పూట భోజనం ఊరి లెక్కలోనే.

పట్టణాలూ ఇదే నమూనా, సొల్తిస్ బదులు వూయ్త్ ఉంటాడు. పొజ్నాన్ 1253లో, క్రాకోవ్ 1257 జూన్ 5న ఇలా పెట్టారు. క్రాకోవ్‌కు ముగ్గురు వూయ్త్‌లు: గెద్కో, నీసాలో అంతకు ముందు న్యాయాధికారిగా చేసిన యాకుబ్, దిత్మార్ వోల్క్. ఆరేళ్లు పన్ను లేదు. ఒక షరతు గమనించదగ్గది: డ్యూక్ కిందో, చర్చి కిందో ఉన్న పోలిష్ రైతుల్ని పట్టణవాసులుగా చేర్చుకోకూడదు. ఎందుకంటే ఊళ్లు ఖాళీ అయితే ఇటు వచ్చే లాభం అటు పోతుంది. మీరు రోజూ దాటే రినెక్ అనే సంత మైదానం, సుమారు 200 మీటర్ల చదరం, ఆ లెక్కల్లోంచి పుట్టిందే.

వూయ్త్ బలపడితే ఏమవుతుందో 1311లో తెలిసింది. క్రాకోవ్ వూయ్త్ ఆల్బెర్ట్, తర్వాత రాజైన డ్యూక్ వ్లాదిస్లావ్ లొకియెతెక్ మీద తిరగబడ్డాడు. 1312లో అణచివేశాక ఆ వంశపారంపర్య వూయ్త్ పదవి పోయింది. పోలిష్ పలకడం రానివాళ్లను పట్టుకోవడానికి "సొచెవిత్సా, కోవొ, మియెలె, మ్విన్" అని పలికించారనే కథ ఒక పాత వృత్తాంతంలో ఉంది. గైడ్లు తప్పకుండా చెప్తారు.

తీర్పుల మీద అప్పీలు మొదట్లో జర్మనీలోని మాగ్డెబర్గ్ నగరం దాకా పోయేది. రాజ్యం దాటి డబ్బూ గౌరవమూ పోతున్నాయని 1356లో లొకియెతెక్ కొడుకు, రాజు కాజిమియెజ్ వియెల్కీ క్రాకోవ్ కోటలోనే జర్మన్ చట్టపు పై కోర్టు పెట్టాడు. దాని పైన ఆరు పట్టణాల కోర్టు: క్రాకోవ్, కాజిమియెజ్, బొఖ్నియా, వియెలిచ్‌కా, సాంచ్, ఓల్కుష్.

స్తరోస్తా: బయటి రాజు తెచ్చిన, లోపలి రాజులు వదలని పదవి

ఇప్పుడు 1300. చెక్ రాజు రెండవ వాత్స్లావ్ గ్నియెజ్నోలో పోలండ్ రాజుగా కిరీటం పెట్టుకున్నాడు. అతనుండేది ప్రాగ్‌లో. ఒక్కో ప్రాంతంలో స్థానిక వొయెవొదా, కష్టెలాన్‌లు పెద్ద కుటుంబాల వాళ్లు, వాళ్లు ఎవరి పక్షమో తెలియదు. కాబట్టి తనవాణ్ణి ఒకణ్ణి కోటలో కూర్చోబెట్టి స్తరోస్తా అన్నాడు. మాలొపోల్స్కాలో కొంతకాలం ఒపావా డ్యూక్ మికులాష్ అలా ఉన్నాడు.

వాత్స్లావ్ 1305లో చనిపోయాడు. అతన్ని బద్ధశత్రువుగా చూసిన లొకియెతెక్ 1320లో క్రాకోవ్‌లో కిరీటం పెట్టుకున్నాక చెక్‌లు పెట్టిన ఈ పదవిని రద్దు చేస్తాడనుకుంటాం. చేయలేదు. అతని కొడుకు కాజిమియెజ్ అయితే ఇంకా గట్టిగా వాడుకున్నాడు. కారణం ఒక్కటే: స్తరోస్తాను రాజు ఎప్పుడంటే అప్పుడు తీసేయగలడు. వొయెవొదా, కష్టెలాన్ పదవులు అప్పటికే జీవితాంతం అయిపోయాయి.

స్తరోస్తా చేతిలో ఉన్నవి: కోట, రాజు భూములు, వాటి ఆదాయం, నేరస్తుల్ని పట్టడం, ఇతర కోర్టుల తీర్పుల్ని అమలు చేయడం. అతని గ్రోద్‌స్కీ కోర్టుకు, అంటే కోట కోర్టుకు, భూమి ఉన్న ష్ల్యాహ్తా, అంటే కులీన వర్గం, మీద నాలుగు నేరాల్లోనే అధికారం: ఇల్లు తగలబెట్టడం, మానభంగం, రాజమార్గం మీద దోపిడీ, ఇంటి మీద దాడి. స్థిర ఆస్తి లేని కులీనుల మీద అయితే అన్నింట్లోనూ. కోటలో అతని బదులు బుర్‌గ్రాబియా, కోర్టులో పొద్‌స్తరోశ్చీ చూసేవారు.

ఆదాయం ఎలా లెక్కగట్టేవారో చూస్తే స్తరోస్తాల్లో తేడా తెలుస్తుంది. మూడు పద్ధతులు. నమ్మకం మీద తీసుకున్నవాడు వచ్చినదంతా ఖజానాకు లెక్క చెప్పి తన భత్యం తీసుకుంటాడు. గుత్తకు తీసుకున్నవాడు ఒక మొత్తం కట్టి మిగిలింది ఉంచుకుంటాడు. మూడోది తాకట్టు: రాజు అప్పు తీసుకున్నాడు, అసలు తీర్చేదాకా ఎస్టేటు ఆదాయం అప్పిచ్చినవాడిది. మొదటి పద్ధతిలో స్తరోస్తా ఉద్యోగి, మూడో పద్ధతిలో రాజే అతనికి బాకీదారు. యాగియెల్లో వంశపు రాజులు యుద్ధాల కోసం వరుసగా తాకట్లు పెట్టారు. పేరుకు తీసేసే అధికారం ఉంది, తీసేయాలంటే ముందు అప్పు తీర్చాలి! 15వ శతాబ్దపు స్తరోస్తాను చూసేటప్పుడు ఈ తాకట్టు పత్రం వెతక్కుండా "రాజు చేతి మనిషి" అని రాసేయడం పెద్ద పొరపాటు.

స్థానికులు ఊరుకోలేదు. కాజిమియెజ్ వియెల్కొపోల్స్కా మీద వియెజ్‌బియెంతా అనే బయటివాణ్ణి స్తరోస్తాగా పెడితే, 1352 సెప్టెంబరు 2న పొజ్నాన్ వొయెవొదా మాచ్‌కో బొర్కొవిత్స్ నాయకత్వంలో కులీనులు కూటమి కట్టారు. తర్వాత మాచ్‌కోను రాజు ఓల్‌ష్‌తిన్ కోటలో తిండి పెట్టకుండా చంపించాడు. వొయెవొదా, స్తరోస్తాల మధ్య తేడా ఏమిటని అడిగితే ఈ ఒక్క గొడవ చాలు.

మరి వొయెవొదాకు ఏం మిగిలింది?

విభజన కాలంలో ప్రతి డ్యూక్‌కూ ఒక వొయెవొదా ఉండేవాడు. ముక్కలు మళ్లీ కలిశాక ఆ డ్యూక్ రాజ్యాలే వొయెవొద్స్త్వోలు అయ్యాయి. శెరాద్జ్, లెంచిత్సా అలా వచ్చినవే. కోట లేదు, ఖజానా లేదు. మిగిలినవి: కులీన సైన్యాన్ని నడిపించడం, ప్రాంతీయ సభకు పెద్దగా కూర్చోవడం, యూదుల కేసులు (1264 నాటి కాలిష్ శాసనం నుంచి వచ్చిన దారి ఇది), పట్టణాల్లో ధరలు, తూనికలు, కొలతలు చూడడం. చివరిది చిన్న పనిలా ఉంటుంది గానీ పట్టణాలు అన్నిటికంటే ఎక్కువ మొత్తుకున్నది దాని గురించే. వొయెవొదా కులీనుడు, ధర తగ్గిస్తే లాభం అతని వర్గానిదే.

కష్టెలాన్‌కు బిరుదు, రాజు సభలో కుర్చీ మిగిలాయి. క్రాకోవ్ కష్టెలాన్ వొయెవొదా కంటే ముందుండడానికి చెప్పే పాత కథ ఇది: క్రాకోవ్ వొయెవొదా స్కర్బిమిర్ మూడవ బొలెస్లావ్ మీద తిరగబడి కళ్లు పోగొట్టుకున్నాడు, అందుకు శిక్షగా ఆ పదవిని ఒక మెట్టు దించారు. స్కర్బిమిర్ తిరుగుబాటు, కళ్లు తీయించడం నిజమే. వరుస మారడానికి అదే కారణమన్నది తర్వాతివాళ్ల వివరణ. మిగతా ప్రాంతాల్లో వొయెవొదాయే ముందు, క్రాకోవ్ ఒక్కటే మినహాయింపు అని గుర్తుంచుకుంటే చాలు.

భూమి కోర్టు, సెయ్మిక్

స్తరోస్తా కోర్టుకు పక్కనే, అతనికి సంబంధం లేకుండా, కులీనుల ఆస్తి తగాదాలకు జియెమ్‌స్కీ కోర్టు, అంటే భూమి కోర్టు. న్యాయమూర్తి, ఉప న్యాయమూర్తి, లేఖరి ముగ్గురుంటారు. నిర్ణీత రోజుల్లో ఒక్కో పొవియాత్ పట్టణంలో కూర్చుంటారు. పొవియాత్ అప్పట్లో ఈ కోర్టు పరిధే, పాలనా జిల్లా కాదు. సమను అందించేది వొజ్నీ. గాయాలు చూసొచ్చి కోర్టులో చెప్పేదీ అతనే. రొక్ జవితీ అనే ఖాయపు వాయిదాకు రాకపోతే కేసు పోయినట్టే. పొలిమేర తగాదా అయితే పొద్కొమోజీ స్వయంగా పొలానికి వెళ్లి దిబ్బలు పోయించి, చెట్ల మీద గుర్తులు కొట్టించేవాడు.

క్రాకోవ్ భూమి కోర్టు పుస్తకాలు 1374 నుంచి ఉన్నాయి. వియెల్కొపోల్స్కావి 1386 నుంచి సాక్షుల ప్రమాణాల్ని పోలిష్‌లోనే రాశాయి, మిగతాదంతా లాటిన్. సాక్షి ఆ మాటల్ని తడబడకుండా అప్పజెప్పాలి కాబట్టి అతని భాషలోనే రాయక తప్పలేదు.

కులీనులు పదవుల్ని తమ చేతుల్లోకి తెచ్చుకున్నది పన్నుల బేరంతో. 1374లో కోషిత్సేలో, హంగరీకీ పోలండ్‌కూ రాజైన లాయోష్, తన కూతురికి వారసత్వం ఒప్పుకున్నందుకు, కులీనుల రైతుల మీద పన్నును లాన్‌కు 2 గ్రోష్‌లకు దించాడు. ప్రాంతీయ పదవులు ఆ ప్రాంతం వాళ్లకే ఇస్తానన్నాడు. 1423లో వార్తా అనే పట్టణంలో చేసిన శాసనం, "పనికిరాని, ఎదురు తిరిగే" సొల్తిస్‌ను దొర కొనేసి పంపించవచ్చని తేల్చింది. సొల్తిస్ స్వతంత్రం అక్కడితో తగ్గుముఖం పట్టింది, వాళ్ల లాన్‌లు దొర సొంత సేద్యంలో కలిశాయి. 1454లో ట్యూటానిక్ ఆర్డర్ (ప్రష్యాను ఏలిన జర్మన్ యోధ సంఘం) మీద యుద్ధానికి సైన్యం కావలసిన సమయంలో నాలుగవ కాజిమియెజ్ నియెషావా హక్కులిచ్చాడు: ప్రాంతీయ సెయ్మిక్, అంటే ఆ ప్రాంతపు కులీనుల సభ, ఒప్పుకోకుండా కొత్త పన్నూ లేదు, సైన్య సమీకరణా లేదు, ఒకే ప్రాంతంలో వొయెవొదాయో కష్టెలానో అయినవాడు స్తరోస్తా కాకూడదు, భూమి కోర్టు పదవులకు స్థానికులు నలుగురి పేర్లిస్తే రాజు ఒకణ్ణి ఎంచుకోవాలి. క్రాకోవ్ ప్రాంతపు సెయ్మిక్ కూడేది క్రాకోవ్‌లో కాదు, ప్రొషొవిత్సేలో. వియెల్కొపోల్స్కా వాళ్లు శ్రోదాలో.

మజోవియాకు ఇదంతా అలాగే అతికించకండి. అది 1526 దాకా వేరే డ్యూక్‌ల కింద ఉంది, అక్కడి పదవుల లెక్క వేరు.

పత్రాలు చదవాలనుకుంటే ఒక పని చేయండి. చివర్లో సాక్షుల వరుస చూడండి, ఎవరి పేరు ఎవరి తర్వాత వస్తే ఆ రోజుకు వాళ్ల హోదా అది. తర్వాత పై నుంచి చదువుతూ ఏయే వసూళ్లు మాఫీ చేశారో, ఏవి వదిలేశారో రెండు వరుసల్లో రాసుకోండి. మాఫీ కానివే ఆ ఊళ్లో కోటకు మిగిలిన అధికారం. చివరగా, ఆ పత్రం మూలమా, తర్వాత రాజు ధ్రువీకరణలో ఎత్తి రాసిన ప్రతా అని చూడండి. మఠాలు పాత మాఫీలను కావలసినట్టు పెంచి రాయించుకున్న నకిలీలు 13వ శతాబ్దంలో తక్కువేం లేవు. మాఫీల జాబితా ఆ కాలపు మిగతా పత్రాల కంటే మరీ పొడవుగా, మరీ నిండుగా ఉంటే అనుమానించండి.